లినక్స్ నెట్‌వర్కింగ్ కోడ్‌లో దీర్ఘకాలపు నేపథ్య పనిని వర్క్‌క్యూకు అప్పగించడం: సమగ్ర మార్గదర్శి

లినక్స్ యంత్రం నెట్‌వర్క్ బ్రిడ్జిగా పనిచేసేటప్పుడు ఏ మ్యాక్ చిరునామా ఏ పోర్టువైపు ఉందో ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ చిరునామా నుంచి 300 సెకన్లపాటు ప్యాకెట్ ఏదీ రాకపోతే దాని ఎంట్రీని తొలగించాలన్నది డిఫాల్టు నియమం. ఎంట్రీలు పదో ఇరవయ్యో ఉన్నంతవరకు ఈ శుభ్రతను ఎవరు చేసినా తేడా తెలియదు. వేల సంఖ్యకు చేరినప్పుడు మాత్రం ఆ పని ఎక్కడ జరుగుతోంది, ఎంతసేపు జరుగుతోంది, ఏ లాక్ పట్టుకుని జరుగుతోంది అనే మూడు ప్రశ్నలే యంత్రం స్పందించే తీరును నిర్ణయిస్తాయి.

2017కు ముందు ఈ పనిని ఒక కెర్నెల్ టైమర్ చేసేది. టైమర్ మోగగానే దాని ఫంక్షన్ పట్టిక మొత్తానికి ఉన్న స్పిన్‌లాక్‌ను (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్‌ను) పట్టుకుని, ఎంట్రీలు పేర్చిన మొదటి గొలుసు నుంచి చివరి గొలుసు దాకా నడిచి, అప్పుడు మాత్రమే లాక్ వదిలేది. నికొలాయ్ అలెక్సాండ్రోవ్ చేసిన మార్పుతో 4.11 కెర్నెల్ నుంచి అది వర్క్‌క్యూలోకి, అంటే పనులను వరుసలో పెట్టి నేపథ్య కెర్నెల్ థ్రెడ్ల చేత చేయించే యంత్రాంగంలోకి, మారింది. ఆ మార్పు వల్ల యంత్రం చురుకుగా స్పందించడం ఒక లాభం. అంతకంటే విలువైన లాభం ఇంకొకటి ఉంది. శుభ్రత సకాలంలో జరుగుతుందన్న భరోసా కుదిరాక, ప్రతి ప్యాకెట్‌కూ పట్టికలో వెతికేటప్పుడు 'ఈ ఎంట్రీకి గడువు తీరిందా' అని చూసే పరీక్షను పూర్తిగా తీసేయగలిగారు. నేపథ్య పనిని సరైన చోట పెడితే ప్యాకెట్లు నడిచే ప్రధాన దారి కూడా తేలికవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. అందుకే ఈ మార్గదర్శిని దాని చుట్టూనే అల్లాను. ఫంక్షన్ల పేర్లను పలికే తీరులో రాసి, అండర్‌స్కోర్లను ఉన్నచోటే ఉంచాను. కెర్నెల్ మూలంలో వెతుక్కోవడానికి అవి దారి చూపుతాయి.

మొదటి అడుగు: ఆ పని ఇప్పుడు ఎక్కడ నడుస్తోందో గుర్తించండి

నెట్‌వర్కింగ్ కోడ్‌లో ఎక్కువ భాగం సాఫ్ట్‌ఐఆర్‌క్యూ సందర్భంలో, అంటే ఇంటరప్టులు వాయిదా వేసిన పనిని కెర్నెల్ చేసే దశలో, నడుస్తుంది. ప్యాకెట్ స్వీకరణ అక్కడే, మామూలు టైమర్ ఫంక్షన్లు అక్కడే. ఆ సందర్భంలో నిద్రపోకూడదు, మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపుచ్చే లాక్) పట్టుకోకూడదు, జ్ఞాపకశక్తి (మెమొరీ) దొరికేదాకా ఆగే రకం కేటాయింపులు అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ మీ ఫంక్షన్ నడుస్తున్నంతసేపు ఆ సీపీయూ మీద మరో సాఫ్ట్‌ఐఆర్‌క్యూ నడవదు. కెర్నెల్ తన స్వీకరణ పనికే హద్దులు పెట్టుకుంది: నాపి పద్ధతిలో (ప్యాకెట్లను విడతలుగా స్వీకరించే పద్ధతి) ఒక డ్రైవర్ ఒక విడతకు సాధారణంగా 64 ప్యాకెట్లు తీసుకుంటుంది, మొత్తం స్వీకరణ విడతకు డిఫాల్టు బడ్జెట్ 300 ప్యాకెట్లు, దానిపైన కాలపరిమితి కూడా ఉంది. ఇంత పొదుపుగా నడిచే చోట వేల ఎంట్రీల పట్టికను ఒకే ఊపులో నడిచే టైమర్‌ను పెట్టడం ఇరుకు వంతెన మీద బండి ఆపి సరుకు దించడం లాంటిది.

కాబట్టి ముందుగా పనిని మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ప్రతి ప్యాకెట్‌కూ తప్పనిసరిగా జరగాల్సిన పనా? అయితే అది వర్క్‌క్యూకు చెందదు, నాపిలోనే ఉండాలి. ఒకసారి మొదలైతే ఎన్నటికీ ముగియని, తనకంటూ ప్రాధాన్యం అవసరమయ్యే పనా? అయితే ప్రత్యేక కెర్నెల్ థ్రెడ్ గురించి ఆలోచించండి. అప్పుడప్పుడు మేలుకుని, కొంత పనిచేసి, మళ్లీ మేలుకునే సమయం నిర్ణయించుకుని నిద్రపోయే పనా? గడువు తీరిన ఎంట్రీల ఏరివేత, లింకు స్థితి పరిశీలన, పరికరం నుంచి గణాంకాల సేకరణ వంటివన్నీ ఈ మూడో రకానివే. ఇకపై చెప్పేదంతా వాటి గురించే.

రెండో అడుగు: క్యూను ఎంచుకోండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కనుక ఇక్కడ కొంచెం నిలబడదాం.

ఇప్పుడున్న వర్క్‌క్యూ యంత్రాంగాన్ని టేజున్ హియో తిరగరాయగా, అది 2010లో 2.6.36 కెర్నెల్‌తో వచ్చింది. అంతకుముందు ఒక్కో వర్క్‌క్యూకు సీపీయూకు ఒకటి చొప్పున సొంత థ్రెడ్లు ఉండేవి. తిరగరాసిన పద్ధతిలో వర్క్‌క్యూ అన్నది పనిని అందుకునే ముఖద్వారం మాత్రమే. పనిచేసే కార్మిక థ్రెడ్లు ఉమ్మడి కొలనులలో ఉంటాయి. ప్రతి సీపీయూకు మామూలు ప్రాధాన్యంతో ఒక కొలను, హెచ్చు ప్రాధాన్యంతో మరొకటి ఉంటాయి. ఏ సీపీయూకూ కట్టుబడని పనులకు వేరే కొలనులు ఉంటాయి.

సీపీయూకు కట్టుబడిన కొలనులో నియమం ఇది: ఒక కార్మికుడు సీపీయూ మీద పనిచేస్తున్నంతవరకు కొలను రెండో కార్మికుణ్ణి లేపదు. మొదటివాడు నిజంగా నిద్రపోయినప్పుడు, అంటే మ్యూటెక్స్ కోసమో, ఏదైనా సంఘటన కోసమో ఆగినప్పుడు, అప్పుడే తరువాతి పనికి మరొకణ్ణి లేపుతుంది. పనులు పొట్టివై, మధ్యమధ్య ఆగుతూ ఉంటే ఈ నియమం చాలా బాగా పనిచేస్తుంది. సీపీయూను వదలకుండా లెక్కలు చేసే పని దొరికితే మాత్రం అదే కొలనులోని మిగతా పనులన్నీ దాని వెనక వరుసలో నిలబడతాయి.

ఇప్పుడు సిస్టమ్_డబ్ల్యూక్యూ, సిస్టమ్_లాంగ్_డబ్ల్యూక్యూ అనే రెండింటినీ చూడండి. షెడ్యూల్_వర్క్, షెడ్యూల్_డిలేడ్_వర్క్ అనేవి మొదటిదానిని వాడతాయి. దీర్ఘంగా నడిచే పనులను రెండోదానిలో పెట్టమని కెర్నెల్ హెడర్ ఫైలులోని వ్యాఖ్య చెబుతుంది. దీన్ని చదివి చాలామంది 'లాంగ్' క్యూకు వేరే కార్మికులు ఉంటారని, అందులో వేస్తే మిగతావారికి ఇబ్బంది ఉండదని అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. రెండు క్యూలూ సీపీయూకు కట్టుబడినవే, రెండింటి వెనక ఉన్నదీ అదే కొలను, అదే కార్మికులు. తేడా ఉన్నది క్యూను ఫ్లష్ చేసేటప్పుడు. ఒక క్యూను ఫ్లష్ చేయడమంటే అప్పటికి అందులో చేరిన పనులన్నీ ముగిసేదాకా ఎదురుచూడడం. మామూలు క్యూను ఫ్లష్ చేసేవారు తక్కువ సమయంలో తిరిగి వస్తామని ఆశిస్తారు కనుక అందులో పొడవైన పనులు వేయకూడదు. 'లాంగ్' క్యూలో అలాంటి ఆశ పెట్టుకోకూడదని ముందే ప్రకటించారు. ఆ పేరు ఎదురుచూపు పొడవు గురించి చెబుతుంది, సీపీయూ భారం గురించి ఏ హామీ ఇవ్వదు. వ్యవస్థ మొత్తానికి చెందిన క్యూలను ఫ్లష్ చేయడాన్నే ఇప్పుడు కెర్నెల్ నిరుత్సాహపరుస్తోంది కనుక ఈ తేడాకు ప్రాముఖ్యం ఇంకా తగ్గింది.

మరి బ్రిడ్జి శుభ్రత ఈనాటికీ సిస్టమ్_లాంగ్_డబ్ల్యూక్యూలో ఎలా నెగ్గుకొస్తోంది? పనిని పద్ధతిగా చేయడం వల్ల; దాని సంగతి నాలుగో అడుగులో వస్తుంది.

కనెక్షన్ ట్రాకింగ్ కథ మరింత బోధపరుస్తుంది. ఫైర్‌వాల్ కోసం సాగుతున్న కనెక్షన్లను గుర్తుపెట్టుకునే నెట్‌ఫిల్టర్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక టైమర్ ఉండే రోజుల తరువాత, గడువు తీరిన కనెక్షన్లను ఏరివేయడానికి ఒకే డిలేడ్ వర్క్‌ను, అంటే కొంత వ్యవధి తరువాత క్యూలో చేరే పనిని, పెట్టారు. అది కొంతకాలం సిస్టమ్_లాంగ్_డబ్ల్యూక్యూలో నడిచింది. ఆ పని ఏ ప్రత్యేక సీపీయూ మీదా నడవాల్సిన అవసరం లేదని, కట్టుబడిన క్యూలో వేయడం వల్ల దాన్ని ఎక్కడ నడపాలో తేల్చుకునే స్వేచ్ఛ షెడ్యూలర్‌కు లేకుండా పోతోందని వాదిస్తూ విన్సెంట్ గిట్టో దాన్ని సిస్టమ్_పవర్_ఎఫిషియెంట్_డబ్ల్యూక్యూకు మార్చారు. ఈ క్యూ మామూలుగా సీపీయూకు కట్టుబడే ఉంటుంది. వర్క్‌క్యూ.పవర్_ఎఫిషియెంట్ అనే బూట్ పరామితి ఇచ్చినప్పుడు, లేదా కెర్నెల్ నిర్మాణంలోనే ఆ ఎంపిక చేసినప్పుడు కట్టువీడుతుంది. నిద్రపోతున్న సీపీయూను కేవలం చెత్త ఏరడానికి లేపడం బ్యాటరీ మీద నడిచే పరికరాలలో వృథా ఖర్చు.

ఎంపికను ఇలా చేసుకోవచ్చు. పని పొట్టిదై, నడిచే చోటుతో నిమిత్తం లేకపోతే పవర్ ఎఫిషియెంట్ క్యూ సరిపోతుంది. సీపీయూను గణనీయంగా వాడేదైతే సిస్టమ్_అన్‌బౌండ్_డబ్ల్యూక్యూను వాడండి. అక్కడ పైన చెప్పిన ఒక్క కార్మికుడి నియమం లేదు, షెడ్యూలర్ ఆ థ్రెడ్లను మామూలు ప్రక్రియల్లాగే సర్దుకుంటుంది. వరుస తప్పకూడదనుకుంటే, అంటే ఒక పని ముగిశాకే మరొకటి మొదలవ్వాలనుకుంటే, అలాక్_ఆర్డర్డ్_వర్క్‌క్యూతో సొంత క్యూను సృష్టించుకోండి. పలు నెట్‌వర్క్ లింకులను ఒకటిగా కట్టే బాండింగ్ డ్రైవర్ ప్రతి బాండ్‌కూ ఇలాంటి క్యూనే పెట్టుకుని, డబ్ల్యూక్యూ_మెమ్_రీక్లెయిమ్ జెండాను కూడా జోడిస్తుంది. జ్ఞాపకశక్తి కరువైనప్పుడు కొత్త కార్మిక థ్రెడ్‌ను పుట్టించడమే కష్టమవుతుంది. ఈ జెండా ఉంటే అలాంటప్పుడు ఆదుకోవడానికి ఒక థ్రెడ్‌ను ముందే కేటాయించి ఉంచుతారు. నెట్‌వర్క్ మీదుగా డిస్కును వాడే యంత్రంలో, పేజీలను బయటికి రాసి జ్ఞాపకశక్తిని విడిపించుకోవాలంటే ముందు నెట్‌వర్క్ లింకు పనిచేయాలి. ఆ లింకును కాపాడే పని మీదైతే ఈ జెండా తప్పనిసరి. అవసరం లేనిచోట పెట్టకండి, ఎందుకంటే ఒక్కో క్యూకు ఒక్కో థ్రెడ్ ఖర్చవుతుంది.

ఇటీవలి కెర్నెళ్లలో పాత పేర్లను మార్చే పని సాగుతోంది: సిస్టమ్_డబ్ల్యూక్యూ స్థానంలో సిస్టమ్_పర్‌సీపీయూ_డబ్ల్యూక్యూ, సిస్టమ్_అన్‌బౌండ్_డబ్ల్యూక్యూ స్థానంలో సిస్టమ్_డీఎఫ్ఎల్_డబ్ల్యూక్యూ వచ్చాయి. సీపీయూకు కట్టుబడాలన్న కోరికను రచయితే పేరు పెట్టి చెప్పేలా చేయడం దీని ఉద్దేశం. నాకు ఇది ఎంతో సబబుగా తోస్తోంది. మీరు కొత్త కోడ్ రాస్తుంటే మీ కెర్నెల్ మూలంలో ఏ పేర్లు ఉన్నాయో ముందు చూసుకోండి.

మూడో అడుగు: పనిని నిర్మాణంలో పొదిగి, ఒక్కసారే సిద్ధం చేయండి

డిలేడ్_వర్క్ అనే నిర్మాణాన్ని మీ ప్రధాన నిర్మాణంలోనే, అంటే బ్రిడ్జి, పట్టిక, పరికరపు సొంత సమాచారం వంటి దానిలోనే ఒక సభ్యంగా పెట్టండి. వర్క్ ఫంక్షన్‌కు అందేది వర్క్_స్ట్రక్ట్ చిరునామా మాత్రమే. అక్కడి నుంచి కంటెయినర్_ఆఫ్ ద్వారా మీ నిర్మాణానికి చేరుకోవచ్చు. విడిగా కేటాయించి పాయింటర్‌తో కలిపితే రెండు జీవితకాలాలను కనిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇనిట్_డిలేడ్_వర్క్‌ను నిర్మాణం పుట్టినప్పుడే ఒక్కసారి పిలవండి. ఇంటర్‌ఫేసును లేపిన ప్రతిసారీ పిలవడం నేను సమీక్షించిన కోడ్‌లో పలుమార్లు చూసిన తప్పు. ఇంటర్‌ఫేసును దించి లేపే మధ్యలో పాత టైమర్ ఇంకా బతికి ఉంటే, పునఃప్రారంభం దాని కాళ్ల కింద నేలను లాగేస్తుంది. ఒకే వర్క్ ఒకే సమయంలో రెండుచోట్ల నడవదని కెర్నెల్ ఇచ్చే హామీ కూడా ఫంక్షన్ మారనంతవరకు, వేరే క్యూలో వేయనంతవరకు, మళ్లీ ఇనిట్ చేయనంతవరకే చెల్లుతుంది. ఇంకొక జాగ్రత్త: ఏర్పాటు సగంలో విఫలమైతే నడిచే దారిలో కూడా రద్దు పిలుపు ఉంటుంది కనుక, విఫలం కాగల మొదటి మెట్టుకంటే ముందే ఇనిట్ జరిగిపోవాలి.

కాస్త ఆలస్యమైనా ఫర్వాలేని పనులకు ఇనిట్_డిఫరబుల్_వర్క్ ఉంది. దాని టైమర్ నిద్రలో ఉన్న సీపీయూను లేపదు, వేరే కారణంతో ఎవరైనా లేపినప్పుడు తన వంతు తీర్చుకుంటుంది. పొరుగు యంత్రాల చిరునామాలు దాచే నైబర్ పట్టిక తన నియతకాలిక ఏరివేతకు దీన్నే వాడుతుంది. గడువు దాటితే తప్పు జరిగే పనులకు దీన్ని వాడకండి.

నాలుగో అడుగు: పనిని ముక్కలు చేయండి

వర్క్ ఫంక్షన్ ప్రక్రియ సందర్భంలో నడుస్తుంది, నిద్రపోవచ్చు. కానీ నిద్రపోగలగడం వేరు, ఎంతసేపైనా లాక్ పట్టుకుని ఉండగలగడం వేరు. సాఫ్ట్‌ఐఆర్‌క్యూ కూడా తాకే పట్టికను కాపాడే స్పిన్‌లాక్‌ను వర్క్ ఫంక్షన్ పట్టుకోవాలంటే స్పిన్_లాక్_బీహెచ్ రూపాన్నే వాడాలి. లేకపోతే లాక్ చేతిలో ఉండగా అదే సీపీయూ మీదికి ప్యాకెట్ వచ్చి, అదే లాక్ కోసం తిరుగుతూ ఉండిపోతుంది, ఇక రెండూ కదలవు. అయితే ఆ బీహెచ్ రూపం పట్టుకున్నంతసేపు ఆ సీపీయూ మీద సాఫ్ట్‌ఐఆర్‌క్యూలు ఆగుతాయి. కాబట్టి పట్టిక మొత్తానికి లాక్ పట్టుకుంటే టైమర్ నాటి దుస్థితే వేరే పేరుతో తిరిగొస్తుంది.

బ్రిడ్జి కోడ్ దీన్ని పరిష్కరించిన తీరు శ్రద్ధగా చదవదగింది. శుభ్రత ఫంక్షన్ పట్టికను ఆర్‌సీయూ (చదివేవారికి లాక్ అక్కర్లేకుండా, తొలగించినదాన్ని వారు ముగించాకే విడుదల చేసే పద్ధతి) చదువరిగా, ఏ లాక్ లేకుండా నడుస్తుంది. ప్రతి ఎంట్రీ గడువునూ లెక్కిస్తుంది. గడువు తీరలేదా, మిగిలిన సమయాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు సాగుతుంది. తీరిందా, అప్పుడు మాత్రమే లాక్ పట్టుకుని, ఆ ఎంట్రీ ఇంకా పట్టికలోనే ఉందా అని మళ్లీ ఒకసారి చూసి, తొలగించి, వెంటనే లాక్ వదులుతుంది. ఆ రెండో చూపును వదిలేయకండి. లాక్ లేకుండా చూసిన క్షణానికీ లాక్ దొరికిన క్షణానికీ మధ్య మరొకరు దాన్ని తొలగించి ఉండవచ్చు. తొలగించిన ఎంట్రీ జ్ఞాపకశక్తిని ఆర్‌సీయూ విరామం గడిచాకే విడుదల చేస్తారు కనుక నడక తెగిపోదు. కొత్త చిరునామాలు నేర్చుకోవడం, దాని వెంట ప్యాకెట్లను పంపడం, శుభ్రత జరుగుతున్నంతసేపూ ఆగకుండా సాగిపోతాయి.

ఆర్‌సీయూ కుదరని పట్టికలకు నైబర్ పద్ధతి ఉంది. అక్కడ ఒక్కో గొలుసు పూర్తయ్యాక లాక్‌ను వదిలి, అవసరమైతే సీపీయూను ఇతరులకిచ్చే కాండ్_రీషెడ్‌ను పిలిచి, మళ్లీ లాక్ పట్టుకుంటారు. ఆ కాసేపట్లో పట్టిక పెరిగి ఉండవచ్చు కనుక తిరిగి వచ్చాక పట్టిక చిరునామాను కొత్తగా చదువుకుంటారు. పాత పాయింటర్‌ను నమ్ముకుంటే పోయిన పట్టికను నడుస్తారు. కాండ్_రీషెడ్‌ను స్పిన్‌లాక్ లోపలగానీ, ఆర్‌సీయూ చదువరి భాగం లోపలగానీ పిలవకూడదన్నది ఎప్పటికీ మరవరాదు.

ఇక్కడ రెండో అడుగులోని నియమాన్ని మళ్లీ గుర్తుచేయాలి. కాండ్_రీషెడ్ మీ సీపీయూను వేరే ప్రక్రియలకు ఇస్తుందిగానీ, కొలను దృష్టిలో మీ కార్మికుడు నిద్రపోయినట్టు కాదు, నడవడానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క. అందువల్ల కట్టుబడిన క్యూలో మీ వెనక వేచి ఉన్న పనులకు దానివల్ల దారి దొరకదు. సీపీయూను చాలాసేపు వదలలేదని కెర్నెల్ చేసే సాఫ్ట్‌లాకప్ హెచ్చరిక మాయమైంది కదా అని సంతోషించిన తరువాత కూడా, అదే సీపీయూ మీది ఇతర వర్క్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో అర్థంకాక తలపట్టుకోవడానికి కారణం ఇదే. 6.5 కెర్నెల్ నుంచి కొంత ఊరట ఉంది: ఒక వర్క్ నిద్రపోకుండా డిఫాల్టుగా 10 మిల్లీసెకన్లు దాటి సీపీయూను వాడితే, కెర్నెల్ దాన్ని సీపీయూ భారమైనదిగా గుర్తించి, కార్మికుల లెక్క నుంచి తప్పించి, వెనకవాటికి దారి ఇస్తుంది. ఇది ఆపద్ధర్మం మాత్రమే. దాని మీద ఆధారపడి నిర్మించకండి.

సరైన పరిష్కారం ఫంక్షన్ నుంచి నిజంగా తిరిగి రావడం. ఒక విడతకు కాలపరిమితి పెట్టుకోండి. అది దాటగానే ఎక్కడిదాకా వచ్చారో నిర్మాణంలో రాసుకుని, తరువాతి విడతకు క్యూలో చేరి, బయటికి రండి. కనెక్షన్ ట్రాకింగ్ ఏరివేత ఒక విడతకు 10 మిల్లీసెకన్ల హద్దు పెట్టుకుని, తరువాతి గొలుసు సంఖ్యను దాచుకుంటుంది. ఎంట్రీల సంఖ్యతో హద్దు పెట్టడం కంటే కాలంతో పెట్టడం మేలు, ఎందుకంటే ఒక ఎంట్రీ తొలగింపు ఖర్చు సందర్భాన్ని బట్టి మారుతుంది. గొలుసుల సంఖ్య మధ్యలో మారిపోతే, దాచుకున్న సంఖ్య పట్టిక హద్దు దాటిందేమో చూసుకుని, దాటితే మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఐదో అడుగు: తరువాతి విడత సమయాన్ని నిర్ణయించండి

బ్రిడ్జి శుభ్రత ప్రతి విడతలోనూ అన్నిటికంటే ముందు గడువు తీరబోయే ఎంట్రీని కనుక్కుని, సరిగ్గా ఆ సమయానికి తనను తాను క్యూలో వేసుకుంటుంది. కానీ ఆ వ్యవధి ఎంత చిన్నదైనా 10 మిల్లీసెకన్లకు తగ్గనివ్వదు. వేల ఎంట్రీల గడువులు ఒక్కొక్క జిఫీ (కెర్నెల్ గడియారపు ఒక టిక్కు) తేడాతో వరుసగా తీరుతుంటే, ఆ కనీస విరామం లేకపోతే పని నిరంతరాయంగా తిరుగుతూనే ఉంటుంది. దీనికి చెల్లించే మూల్యం, తీరిపోయిన ఎంట్రీ వెంట కొన్ని మిల్లీసెకన్లపాటు ప్యాకెట్లు వెళ్లడం. 300 సెకన్ల గడువు ముందు అది లెక్కలోకి రాదు. మీ పనికి ఇలాంటి సడలింపు ఎంతవరకు చెల్లుతుందో కోడ్ రాయకముందే తేల్చుకోండి.

సమయాల పోలికకు ఎప్పుడూ టైమ్_ఆఫ్టర్ వంటి మాక్రోలనే వాడండి. జిఫీల లెక్క చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది కనుక నేరుగా పెద్దచిన్న గుర్తులతో పోల్చిన కోడ్ 32 బిట్ల యంత్రాలలో ఏదో ఒక రోజు తప్పుతుంది.

క్యూ_డిలేడ్_వర్క్, మాడ్_డిలేడ్_వర్క్ మధ్య తేడా కూడా తెలిసి ఎంచుకోవాలి. మొదటిది, పని అప్పటికే క్యూలో ఉంటే ఏమీ చేయకుండా తిరిగి వస్తుంది, మీరిచ్చిన కొత్త వ్యవధి గాలికి పోతుంది. రెండోది పాత వ్యవధిని చెరిపి కొత్తది పెడుతుంది. యంత్ర నిర్వాహకుడు గడువును 300 సెకన్ల నుంచి తగ్గించినప్పుడు బ్రిడ్జి కోడ్ మాడ్_డిలేడ్_వర్క్‌ను సున్నా వ్యవధితో పిలుస్తుంది. మొదటిదాన్ని వాడి ఉంటే కొత్త గడువు పాత టైమర్ మోగేదాకా అమలులోకి వచ్చేది కాదు. అలాగని రెండోదాన్ని ప్యాకెట్ దారిలో పెట్టకండి. ప్రతి ప్యాకెట్‌కూ సమయాన్ని ముందుకు జరుపుతూ పోతే, ప్యాకెట్ల రాక ఆగనంతకాలం ఆ పని ఒక్కసారి కూడా జరగదు. సరిగ్గా అత్యవసరమైన వేళలోనే శుభ్రత నిలిచిపోతుంది.

ఆరో అడుగు: ఆపడాన్ని మొదలుపెట్టడం కంటే ముందే రాయండి

నా అనుభవంలో వర్క్‌క్యూ లోపాలలో అత్యధికం పని నడిచేటప్పుడు కాదు, ఆపేటప్పుడు బయటపడతాయి. క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్ పిలిస్తే టైమర్ రద్దవుతుంది, క్యూలో ఉన్నది తొలగుతుంది, నడుస్తున్నది ముగిసేదాకా పిలిచినవారు ఆగుతారు. పని తనను తాను మళ్లీ క్యూలో వేసుకునే రకమైనా ఇది సరిగ్గా పనిచేస్తుంది. సింక్ లేని రూపం నడుస్తున్నదాని కోసం ఆగదు కనుక, ఆ వెంటనే జ్ఞాపకశక్తిని విడుదల చేస్తే పోయిన నిర్మాణంలో పని తిరుగుతూ ఉంటుంది.

సింక్ రూపం నిద్రపోవచ్చు, కాబట్టి స్పిన్‌లాక్ పట్టుకుని పిలవకూడదు. బ్రిడ్జిని ఆపే కోడ్ తన లాక్‌ను వదిలాకే శుభ్రతను రద్దు చేయడం గమనించండి. దీనికంటే లోతైన ఉచ్చు ఆర్‌టీఎన్‌ఎల్ అనే మ్యూటెక్స్‌తో ఉంది. నెట్‌వర్క్ పరికరాల ఆకృతీకరణ దాదాపు అంతా దాని కిందే జరుగుతుంది. పరికరాన్ని ఆపే ఫంక్షన్‌ను కెర్నెల్ ఆ లాక్ పట్టుకునే పిలుస్తుంది. మీ వర్క్ ఫంక్షన్ కూడా ఆ లాక్‌నే అడిగేదనుకోండి. ఆపే ఫంక్షన్ వర్క్ ముగియాలని ఆగుతుంది, వర్క్ లాక్ కోసం ఆగుతుంది. ఒకరి చేతిలోది మరొకరికి కావాలి, ఇద్దరూ వదలరు. ఒకసారి నేను పరీక్షిస్తున్న డ్రైవర్‌లో ఇది నెలలపాటు దాగి, యంత్రాన్ని మూసేటప్పుడు మాత్రమే, అదీ అరుదుగా బయటపడింది. ఆర్‌టీఎన్‌ఎల్ ఇరుక్కుంటే ఇంటర్‌ఫేసులను చూపించే ఆదేశాలు కూడా కదలవు కనుక లోపం ఎక్కడుందో వెతకడమే కష్టమైంది.

దీనికి బాండింగ్ డ్రైవర్ చూపిన దారి నమ్మదగింది: వర్క్‌లో లాక్ కోసం ఆగని ఆర్‌టీఎన్‌ఎల్_ట్రైలాక్‌తో ప్రయత్నించండి, దొరకకపోతే ఒక జిఫీ వ్యవధితో మళ్లీ క్యూలో చేరి బయటికి వచ్చేయండి. అంతకంటే మేలైనది, సాధ్యమైతే, వర్క్‌కు ఆర్‌టీఎన్‌ఎల్ అవసరమే లేకుండా రాయడం. బ్రిడ్జి శుభ్రతకు తన సొంత చిన్న లాక్, ఆర్‌సీయూ చాలు కనుకనే దాన్ని ఆర్‌టీఎన్‌ఎల్ కింద నిర్భయంగా రద్దు చేయగలుగుతున్నారు.

రద్దు చేసిన మరుక్షణం మరెవరైనా మళ్లీ క్యూలో వేయగలరా అన్నది తరువాతి ప్రశ్న. ఇంటరప్ట్, టైమర్, నెట్‌లింక్ ద్వారా వాడుకరి ప్రోగ్రామ్ పంపే ఆదేశం, గణాంకాల ఫైలు, వీటిలో ఏది మీ వర్క్‌ను లేపగలదో జాబితా రాసుకుని, ముందు వాటిని ఆపి, ఆపైనే రద్దు చేయండి. 6.10 నుంచి ఉన్న డిసేబుల్_డిలేడ్_వర్క్_సింక్ రద్దుతోపాటు తిరిగి క్యూలో చేరకుండా తలుపు కూడా మూస్తుంది. పాత కెర్నెళ్లలో ఆ పనికి మీ సొంత జెండా కావాలి.

వర్క్ నడిచినంతకాలం పరికరం ఉండాలని దానిమీద రిఫరెన్సు (ఇంకా వాడుతున్నామని పెంచే లెక్క) పట్టుకుంటే, రద్దు విజయవంతమైన దారిలో దాన్ని వదలడం మరవకండి. ఈ రద్దు ఫంక్షన్ పని పెండింగులో ఉండగా తొలగించిందో లేదో తిరిగి చెబుతుంది. అలా తొలగిస్తే వర్క్ ఫంక్షన్ ఇక నడవదు కనుక అది వదలాల్సిన రిఫరెన్సును మీరే వదలాలి. మరిచిపోతే, పరికరం విడుదల కోసం ఎదురుచూస్తున్నామంటూ వాడుక లెక్కతో సహా కెర్నెల్ పదేపదే సందేశం రాస్తుంది. ప్రతి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కూ (కంటెయినర్ వంటివాటికి వేరుచేసి ఇచ్చే నెట్‌వర్క్ ఏర్పాటుకు) ఒక వర్క్ ఉంటే, దాని నిష్క్రమణ ఫంక్షన్‌లో రద్దు ఉండాలి. కంటెయినర్లు నిమిషానికి పదుల సంఖ్యలో పుట్టి పోయే యంత్రాలలో ఈ దారే ఎక్కువగా నడుస్తుంది. మాడ్యూల్ తొలగింపులో వర్క్‌లన్నీ ఆగాక, మీరు ఆర్‌సీయూకు అప్పగించిన విడుదల ఫంక్షన్లు మీ మాడ్యూల్‌లోనివే అయితే ఆర్‌సీయూ_బారియర్ కూడా పిలవాలి.

ఏడో అడుగు: కళ్లతో చూసి నిర్ధారించుకోండి

కొలతకు పనిముట్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి. ప్రక్రియల జాబితాలో కేవర్కర్ థ్రెడ్ పేరు పక్కన అది ఏ క్యూ పని చేస్తోందో కనిపిస్తుంది: ఈవెంట్స్_లాంగ్ అంటే సిస్టమ్_లాంగ్_డబ్ల్యూక్యూ, ఈవెంట్స్_అన్‌బౌండ్ అంటే కట్టువీడినది. ట్రేసింగ్‌లో వర్క్‌క్యూ విభాగంలోని క్యూలో చేరిక, అమలు మొదలు, అమలు ముగింపు అనే మూడు ఘట్టాలను తెరిచి చూస్తే, ఒక్కో విడత ఎంతసేపు పట్టింది, క్యూలో ఎంతసేపు ఆగింది అన్నవి విడివిడిగా తెలుస్తాయి. నేను మొదట చూసేది రెండోదాన్నే, ఎందుకంటే మీ పని వల్ల ఇతరులు పడే ఇబ్బంది వారి నిరీక్షణలో కనిపిస్తుంది, మీ అమలు కాలంలో కాదు. సీపీయూ భారాన్ని నివేదించే ఎంపికతో కెర్నెల్‌ను నిర్మిస్తే, హద్దు దాటిన ఫంక్షన్ పేరు రాసి, కట్టువీడిన క్యూకు మారడం ఆలోచించమని లాగ్ స్వయంగా సలహా ఇస్తుంది. ఒక కొలను 30 సెకన్లపాటు ముందుకు సాగకపోతే వర్క్‌క్యూ కాపలా లాకప్ సందేశం ఇస్తుంది. మీ పరీక్షలో అది కనిపించిందంటే రెండో అడుగుకు వెనక్కి వెళ్లాలి.

పరీక్షా కెర్నెల్‌లో లాక్ నిరూపణ (లాక్‌డెప్), నిద్రపోకూడని చోట నిద్రను పట్టే తనిఖీ, వర్క్ వస్తువుల తనిఖీ, విడుదలైన జ్ఞాపకశక్తిని వాడితే పట్టే కేఏశాన్ ఈ నాలుగూ ఆన్ చేయండి. వర్క్‌కూ దాన్ని రద్దు చేసేవారికీ మధ్య లాక్ ఆధారపడటాన్ని లాక్‌డెప్ గమనిస్తుంది కనుక, పైన చెప్పిన ఆర్‌టీఎన్‌ఎల్ ఉచ్చును నిజంగా ఇరుక్కోకముందే, రెండు దారులూ ఒక్కొక్కసారి నడిస్తే చాలు, చూపెట్టేస్తుంది. నన్ను నెలలపాటు తిప్పిన ఆ లోపాన్ని చివరికి పట్టించింది కూడా అదే.

ఆ తరువాత ఒక నేమ్‌స్పేస్‌లో వీత్ జతను (ఒకదానిలో పంపిన ప్యాకెట్ రెండోదానిలో వచ్చే కృత్రిమ ఇంటర్‌ఫేసుల జతను) బ్రిడ్జికి కలిపి, మూల చిరునామాలు మారుస్తూ ప్యాకెట్లు పంపి, పట్టికను వేల ఎంట్రీలకు పెంచండి. గడువును కొన్ని సెకన్లకు తగ్గించండి. ప్యాకెట్లు వస్తుండగానే ఇంటర్‌ఫేసును దించి లేపడం, నేమ్‌స్పేస్‌ను తొలగించి మళ్లీ సృష్టించడం, మాడ్యూల్‌ను తీసి పెట్టడం ఒక లూపులో ఉంచి రాత్రంతా నడవనివ్వండి. ఉదయానికి లాగ్‌లో హెచ్చరిక ఏదీ లేకుండా, పట్టిక ఖాళీగా, పరికరపు రిఫరెన్సు లెక్క మొదటి విలువ దగ్గరే ఉంటే, ఆ కోడ్‌ను సమీక్షకు పంపవచ్చు.